ఎడారిలో నీళ్ళ జాడ వెంట: అరిజోనాకి కొత్తగా వచ్చినవాళ్ళతో

(మొన్న ఆదివారం సాయంత్రం ఫీనిక్స్‌లో, కమ్యూనిటీ హాల్లో మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు కాస్త దగ్గరికి పెట్టుకుంటాను. సరే. ఈ ఏడాదిలోనే అరిజోనా వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? సగం హాలు ఉన్నట్టుందే! నేను వచ్చి కూడా పద్నాలుగు నెలలే అయింది. ఇక్కడ పాతికేళ్ళుగా ఉంటున్న పెద్దవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు, వాళ్ళకి తెలిసినన్ని చోట్లు నాకు తెలియవు. అయినా నన్ను మాట్లాడమన్నారు. కొత్తొక వింత అంటారు కదా, నాకు ఆ వింత ఇంకా తీరలేదు, తీరకముందే చెప్పేయాలని ఒప్పుకున్నాను.

నేను జులైలో దిగాను. విమానం కిటికీలోంచి చూస్తే కిందంతా గోధుమరంగు నేల, ఎండిపోయిన వాగులు, గుండు చేసినట్టున్న కొండలు. బయటికొస్తే కారు తలుపు పట్టుకోలేకపోయాను, అంత వేడి. మొదటి వారమంతా ఒకటే దిగులు. పిల్లలకి ఏం చూపిస్తాం ఇక్కడ? శని, ఆదివారాలు ఎక్కడికెళ్తాం?

వారం తర్వాత ఒక రోజు పొద్దున్నే, ఐదింటికి, అపార్ట్‌మెంట్ వెనక నడుద్దామని వెళ్ళాను. అక్కడ కాలువ ఉంది. నిండుగా పారుతోంది. ఒడ్డున ఎవరో కుక్కని తిప్పుతున్నారు, నీళ్ళలో బాతులు ఉన్నాయి. నేను అక్కడే నిలబడిపోయాను. మధ్యాహ్నానికి 110 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటే ఊళ్ళో, నెలల తరబడి చినుకు పడని ఊళ్ళో, ఇన్ని నీళ్ళు ఎక్కడివి? ఎక్కడివి ఈ నీళ్ళు? ఆ ఒక్క ప్రశ్న నుంచే నేను చూడాలనుకున్న చోట్ల జాబితా మొత్తం పుట్టింది. ఇప్పటికి సగం చూశాను, సగం ఇంకా మిగిలింది. ఇవాళ చెప్పేది ఆ జాబితానే.

మొదటిది మన ఇంటి పక్కదే. విమానాశ్రయం పక్కన సెడవ్ వాకీ మ్యూజియం అని ఒకటి ఉంది, ఇదివరకు ప్యూబ్లో గ్రాండే అనేవాళ్ళు, 2023లో పేరు మార్చారు. మనలో చాలామంది ఎయిర్‌పోర్టుకి వెళ్తూ దాని పక్కనుంచే పోతుంటాం, ఆగం. అక్కడ హోహోకమ్ అని పిలిచే పాతకాలపు జనం తవ్విన కాలువల ఆనవాళ్ళు ఉన్నాయి. దాదాపు 450 నుంచి 1450 వరకు, వెయ్యేళ్ళు, సాల్ట్ నది నీళ్ళని వందల మైళ్ళ కాలువల్లో పారించి మొక్కజొన్న, పత్తి పండించారు వాళ్ళు. ఇనప పనిముట్లు లేవు. ఎద్దులు లేవు, గుర్రాలు లేవు. కర్రలతో, రాతి పనిముట్లతో తవ్వి, గంపలతో మట్టి మోశారు. పొలంలో పిల్లకాలువ తీసినవాళ్ళెవరైనా ఇక్కడుంటే వాళ్ళకి తెలుస్తుంది, వాలు ఒక్క బెత్తెడు తప్పితే నీళ్ళు ముందుకి పోవు. మైళ్ళ పొడవున ఆ వాలు ఎలా పట్టారో ఆలోచించండి!

1860ల్లో కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళు ఆ పాత కాలువల జాడలోనే మళ్ళీ తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు. పాత ఊరి శిథిలాల మీద కొత్త ఊరు లేస్తోంది కాబట్టి, బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారు, ఫీనిక్స్ అని. మన అడ్రస్సులో రోజూ రాసే పేరు వెనక ఈ కథ ఉంది. అందుకే ముందు అది చూడండి, పొద్దున రెండు గంటలు చాలు, తర్వాత గ్రాండ్ కాన్యన్.

ఇప్పుడు సవారో. రాసేటప్పుడు మధ్యలో 'జి' ఉంటుంది గానీ పలకరు, సవారో అనాలి. కౌబాయ్ బొమ్మల్లో చేతులు పైకెత్తినట్టు నిలబడే జెముడు ఉంటుందే, అదే. ప్రపంచంలో ఈ సొనోరన్ ఎడారిలోనే పెరుగుతుంది. టూసాన్ ఊరికి అటొక ముక్క, ఇటొక ముక్కగా సవారో నేషనల్ పార్క్ ఉంది, ఇక్కడ్నుంచి రెండు గంటల దారి. నేను ఫిబ్రవరిలో వెళ్ళాను.

కారులోంచి ఫొటో తీసుకుని వచ్చేయకండి. దిగండి. దిగి ఒక్క చెట్టు దగ్గరికి వెళ్ళి చూడండి, ముట్టుకోకుండా. మడతలుంటాయి దానికి, పైనుంచి కిందికి, అకార్డియన్ మడతల్లాగా. వానపడ్డాక నీళ్ళు తాగి ఆ మడతలు విప్పారతాయి, ఎండాకాలంలో మళ్ళీ లోపలికి ముడుచుకుంటాయి. నేను చూసినప్పుడు నాలుగు రోజుల ముందే వాన పడింది, ఒళ్ళు చేసినట్టు నున్నగా ఉన్నాయి అన్నీ. ఒక్క తల్లివేరు తప్ప మిగతా వేళ్ళు లోతుకి పోవు, నేలకి కొద్ది అంగుళాల కిందే చుట్టూ పరుచుకుంటాయి, చెట్టు ఎంత ఎత్తు ఉంటే దాదాపు అంత దూరం. పడిన చినుకు ఇంకిపోయేలోపే అందుకోవాలి కదా మరి.

ఎంత నెమ్మదిగా పెరుగుతుందో తెలుసా? మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళమో, అంగుళంన్నరో. ఎనిమిదేళ్ళకి! మొదటి కొమ్మ, అదే మనం చెయ్యి అంటున్నది, రావడానికి యాభై నుంచి డెబ్భై అయిదేళ్ళు పడుతుంది. నూట యాభై ఏళ్ళు పైగా కూడా బతకగలదు. ఇంకో విషయం నాకు భలే నచ్చింది. చిన్నప్పుడు ఇది ఒంటరిగా బతకలేదు. పాలో వెర్డే అనే చెట్టు నీడనో, మెస్కీట్ చెట్టు నీడనో మొలుస్తుంది. మెస్కీట్ అంటే వేరేదేం కాదు, మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం, కాయలు చూస్తే మీరే గుర్తుపడతారు. ఎండ నుంచి, చలి నుంచి ఆ చెట్టు కాస్తుంది. ఇక్కడ దాన్ని దాది చెట్టు అనే అర్థం వచ్చేట్టు పిలుస్తారు. నేను చూసినచోట ఒక ముసలి పాలో వెర్డే ఎండిపోయి ఉంది, దాని కొమ్మల మధ్యలోంచి ఇరవై అడుగుల సవారో నిటారుగా పైకి పోయింది. దాది పోయింది, బిడ్డ నిలబడింది. పక్కనే మా అమ్మ ఉంది, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

జూన్ చివర్లో, జులై మొదట్లో వీటి పండ్లు పండుతాయి. తొహోనో ఓఓదమ్ అనే ఇక్కడి జనం, తరతరాలుగా, ఎండిన సవారో లోపలి ఈనెలతోనే పొడుగాటి గెడలు చేసి ఆ పండ్లు రాలుస్తారు. పాకం కాస్తారు, దాంతో కల్లు లాంటిది పులియబెట్టి వానని పిలిచే పండగ చేస్తారు. వాళ్ళకి కొత్త సంవత్సరం అదే. వానతో సంవత్సరం మొదలు! పైరు పెట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. మాంటెజూమా వెల్. మళ్ళీ చెప్తాను, మాంటెజూమా క్యాజిల్ కాదు, వెల్. రెండూ దగ్గరదగ్గరే, క్యాంప్ వెర్డే ఊరి దగ్గర, ఇక్కడ్నుంచి గంటన్నర. క్యాజిల్ అంటే కొండ చరియలో కట్టిన ఇరవై గదుల మట్టి, రాతి ఇల్లు, అక్కడికి అందరూ వెళ్తారు. మాంటెజూమా అనే మెక్సికో అజ్టెక్ రాజు అసలు ఇటు రానేలేదు, తెలియక పెట్టిన పేరు అలా ఉండిపోయింది. కట్టింది సినాగ్వా అనే పాతకాలపు జనం. వెల్‌కి మాత్రం చాలామంది వెళ్ళరు, టికెట్ కూడా లేదు.

ఎండు గుట్ట ఎక్కుతారు. పైకి చేరాక చూస్తే కింద పెద్ద గుండ్రటి గుంట, నిండా ఆకుపచ్చటి నీళ్ళు. చుట్టూ రాళ్ళు, జెముళ్ళు, మధ్యలో చెరువు. అడుగునుంచి రోజుకి 15 లక్షల గ్యాలన్ల పైగా ఊట ఊరుతూనే ఉంటుంది, వాన పడ్డా పడకపోయినా. ఆ నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అందుకే చేపలు బతకవు, జలగలు, రొయ్యల్లాంటి చిన్న పురుగులు ఉంటాయి. అంతసేపూ బాగానే ఉంటుంది. కానీ అక్కడే తిరిగి వచ్చేయకండి. బయటివైపు కిందికి మెట్ల దారి ఉంది. దిగండి. ఆ గుంటలో నీళ్ళు రాతి సందుల్లోంచి దూరి ఇటువైపు బయటికొచ్చి చిన్న కాలువలో పడతాయి. సినాగ్వా జనం దాదాపు వెయ్యేళ్ళ కింద తవ్విన కాలువ. సున్నం పేరుకుని రాయిలా గట్టిపడింది దాని గట్టు. పైన సైకమోర్ చెట్ల నీడ. పైన మాడు పగిలే ఎండ, నలభై మెట్లు దిగితే చల్లదనం. మా అబ్బాయి అక్కడ గట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళ చప్పుడు విన్నాడు. "నాన్నా, ఇది ఎప్పట్నుంచి చప్పుడు చేస్తోంది?" అనడిగాడు. అక్కడి రేంజరమ్మ చెప్పింది, ఈ నీళ్ళు ఉత్తరాన కొండల మీద దాదాపు పదివేల ఏళ్ళ కింద పడ్డ మంచు, వాన, ఇంకి ఇంకి ఇప్పుడు ఇక్కడ తేలుతున్నాయని. పదివేల ఏళ్ళు! వాడికేమో గానీ నాకు ఒళ్ళు జలదరించింది.

గ్రాండ్ కాన్యన్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ ఎలాగూ వెళ్తారు. మూడున్నర గంటల డ్రైవ్, సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, ఏడువేల అడుగుల ఎత్తు కాబట్టి చలికాలం స్వెటర్లు పట్టుకెళ్ళండి, మంచు పడుతుంది. రెండే రెండు మాటలు చెప్తాను.

ఒకటి. అంచున నిలబడి ఎదురుగా చూస్తే లోపల గోపురాల్లాంటి శిఖరాలు కనిపిస్తాయి కదా, వాటికి విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అని పేర్లు. మన పేర్లే. 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని చూసి తూర్పు దేశాల గుళ్ళు గుర్తొచ్చి అలా పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఇంకా ఉంది. అట్టడుగున, నది పక్కన, నల్లటి రాయి ఉంటుంది. దాని పేరు విష్ణు షిస్ట్. దాదాపు 170 కోట్ల ఏళ్ళ నాటిది. మనం నిలబడే పై అంచు రాయి 27 కోట్ల ఏళ్ళది. మధ్యలో ఉన్నదంతా కొలరాడో నది కోసుకుంటూ పోయింది, మైలు లోతున. ఆ నది పైనుంచి చూస్తే దారంలా ఉంటుంది. ఆ దారమే ఇదంతా కోసింది.

రెండోది, పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. దిగడం హాయిగా ఉంటుంది, అక్కడే ప్రమాదం. కొండెక్కేటప్పుడు అలిసిపోతే వెనక్కి దిగొచ్చేస్తాం. ఇక్కడ తిరగేసి. అలిసిపోయాక ఎక్కాలి. కింద పైకంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడి. నదిదాకా దిగి అదే రోజు పైకి రావాలని చూడొద్దని పార్కువాళ్ళు బోర్డులు పెట్టి మరీ చెప్తారు. వినండి. దిగడానికి పట్టిన టైమ్‌కి రెట్టింపు పెట్టుకోండి ఎక్కడానికి. అన్నట్టు, పైన మీరు బాటిల్ నింపుకునే నీళ్ళు ఎక్కడివో తెలుసా? అవతలి అంచు కింద రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊట నుంచి, కాన్యన్ లోపలికి దిగి, నది దాటి, మళ్ళీ ఇటు పైకి వచ్చే పైపులో వస్తాయి. 1960ల నాటి పైపు, తరచు పగులుతుంటుంది. 2024 ఆగస్టు చివర్లో ఒకేసారి నాలుగుచోట్ల పగిలి, రాత్రి బసలు కూడా కొన్నాళ్ళు ఆపేశారు. నింపుకునేటప్పుడు ఒక్క చుక్క కింద పోనీయాలనిపించదు.

యాంటిలోప్ కాన్యన్. ఈ పేరు అందరి ఫోన్లలో ఉంటుంది, ఆ నారింజ రంగు గోడలు, పైనుంచి పడే వెలుగు. పేజ్ అనే ఊరి దగ్గర, నాలుగున్నర గంటలు. అది నవహో అనే ఆదివాసీ జనం నేల, వాళ్ళ గైడ్‌తోనే వెళ్ళాలి, ముందే బుక్ చేసుకోవాలి. నవహో భాషలో ఎగువ కాన్యన్ పేరుకి అర్థం రాళ్ళ మధ్య నీళ్ళు పారే చోటు అని. ఆ పేరు ఊరికే పెట్టింది కాదండీ. 1997 ఆగస్టు 12న దిగువ కాన్యన్‌లో పదకొండుమంది టూరిస్టులు వరదలో కొట్టుకుపోయారు. వాన అక్కడ పడలేదు, మైళ్ళ అవతల పడింది. నేను ఇనప మెట్లు దిగుతూ గోడ మీద చెయ్యి వేస్తే అలలు అలలుగా, నున్నగా ఉంది, నీళ్ళు చేత్తో నిమిరి వెళ్ళినట్టు. అంత అందమూ వరదలు చేసిందే, ఆ పదకొండుమందినీ తీసుకుపోయింది కూడా వరదే. గైడ్ వానొస్తుంది, ఇవాళ టూర్ లేదు అంటే వాదించకండి. డబ్బు కోసం, లీవు కోసం వాదించకండి.

టైమ్ విషయం కూడా చూసుకోండి. అరిజోనాలో గడియారం మార్చరు, నవహో నేషన్‌లో వేసవికి గంట ముందుకి జరుపుతారు. పేజ్ చుట్టుపక్కల ఫోన్ అటూ ఇటూ మారుతుంటుంది. మా ఫోన్లలో రెండింట్లో రెండు టైములు చూపించాయి, పరుగెత్తి చేరేసరికి ఇంకా గంట ఉంది, చచ్చేంత టెన్షన్ పడ్డాం. బుక్ చేసినప్పుడే ఏ టైమ్ ప్రకారమో అడగండి.

అక్కడికి దగ్గర్లోనే హార్స్‌షూ బెండ్, నది గుర్రపు నాడాలా తిరిగే చోటు, నడక తక్కువే. పక్కన లేక్ పావెల్ అనే కొలరాడో నది జలాశయంలో రాళ్ళ మీద తెల్లటి చార చూడండి, నీళ్ళు ఒకప్పుడు అక్కడిదాకా ఉండేవి. కొలరాడో నదిలో నీటి కొరత ఉందని 2021లో మొదటిసారి అధికారికంగా ప్రకటించి, 2022లో అరిజోనా వాటాలో దాదాపు 18 శాతం కోసేశారు. ఆ నది నీళ్ళే 336 మైళ్ళ కాలువలో మన వైపు వస్తాయి. ఆ చార చూసి వచ్చాక మా ఇంట్లో పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయమని ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు.

వానాకాలం గురించి ఒక పిన్నిగారు చీటీ పంపారు, ఎప్పుడు వెళ్ళకూడదు అని. మంచి ప్రశ్న. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్సూన్ అంటారు, ఆ పదం వాళ్ళూ వాడతారు. ముందు దుమారం వస్తుంది. మేం టూసాన్ నుంచి తిరిగొస్తుంటే ఒకసారి ఎదురుగా గోడలా లేచింది, గోధుమరంగు గోడ, కొండలు కనిపించడం మానేశాయి. అలాంటప్పుడు ఏం చేయాలి? రోడ్డు పక్కకి పూర్తిగా దిగిపోవాలి, ఎంత దూరం వీలైతే అంత. లైట్లన్నీ ఆర్పేయాలి, ఎమర్జెన్సీ లైట్లు కూడా. హ్యాండ్ బ్రేక్ వేసి, కాలి బ్రేకు మీదనుంచి కాలు తీసేయాలి, సీటుబెల్టు మాత్రం తీయకూడదు. లైట్లు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు అదే రోడ్డనుకుని మీ మీదికే వస్తాడు. ఇది డ్రైవింగ్ చేసే ప్రతివాళ్ళూ ఇంటికెళ్ళి మళ్ళీ ఒకసారి చదువుకోండి.

ఎండిన వాగులో నీళ్ళు పారుతుంటే, అడ్డం పెట్టిన బారికేడ్ దాటి కారు పోనివ్వకండి. ఇరుక్కుంటే కాపాడిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేయొచ్చని చట్టం ఉంది ఇక్కడ. ఖర్చు సంగతి తర్వాత, ప్రాణం ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కింద ఎడారి నడకలు వద్దు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీలకి తగ్గలేదు. ఆ నెలల్లో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళండి, రెండు గంటల్లో పైన్ చెట్ల అడవిలో ఉంటారు, ప్లూటోని 1930లో కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఉంది, రాత్రి పిల్లలకి ఆకాశం చూపించండి.

అయితే మొదటి వాన మాత్రం ఊళ్ళోనే ఉండి చూడండి. క్రియోసోట్ అని ముళ్ళు లేని, చిన్నాకుల పొద ఉంటుంది, ఎక్కడ చూసినా అదే. చినుకు పడగానే దాని వాసన గుప్పుమంటుంది. మన మట్టివాసన కాదు, అదింకోటి, ఘాటుగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు ఎక్కడికెళ్ళినా బెంగపడేది దానికే.

ఇంకా చూడనివి చెప్పి ఆపుతాను. పెట్రిఫైడ్ ఫారెస్ట్, ఇరవై కోట్ల ఏళ్ళ పైబడిన చెట్లు రాళ్ళైపోయిన చోటు. ఆ చెట్లని ఒకప్పుడు ఏర్లే కొట్టుకొచ్చి ఒండ్రులో కప్పేశాయి. ముక్క కూడా తీసుకోకూడదు, తీసుకెళ్ళినవాళ్ళు ఎంతోమంది మనసొప్పక క్షమించమని ఉత్తరాలు రాసి తిరిగి పంపారట. కాన్యన్ డి షే, లోయ అడుగున నవహో కుటుంబాలు ఇప్పటికీ సాగు చేసుకుంటున్న చోటు. అన్నిటికంటే హవసుపై, గ్రాండ్ కాన్యన్ పక్క లోయలో ఉండే ఆదివాసుల ఊరు. ఆ పేరుకి అర్థమే నీలి పచ్చ నీళ్ళ జనం అని. ఊరికి రోడ్డు లేదు, ఉత్తరాలు ఇప్పటికీ కంచరగాడిదల మీద వెళ్తాయి. ఊరిదాకా ఎనిమిది మైళ్ళు, జలపాతాల పక్కన క్యాంప్‌కి పది మైళ్ళు నడవాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాం అంటే కుదరదు, ముందుగా పర్మిట్ తీసుకోవాలి. మాకు ఈసారి దొరకలేదు, మళ్ళీ ప్రయత్నిస్తాం.

వచ్చే శనివారం పొద్దున ఐదున్నరకి మేం మళ్ళీ మాంటెజూమా వెల్ వెళ్తున్నాం. మా బండిలో మూడు సీట్లు ఖాళీ. పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళకి, ఆ మెట్లు నెమ్మదిగా దిగొచ్చు, నేను చెయ్యి పట్టుకుంటాను. మనిషికి గ్యాలన్ నీళ్ళు, టోపీ తెచ్చుకోండి. పేర్లు తలుపు దగ్గర కాగితం మీద రాసి వెళ్ళండి.